ఇంటి చదువు, బడి చదువు: మిల్లు స్వీయచరిత్రముపై విమర్శ

బిడ్డలను బడికి పంపక యింటనే చదివింపవలెనని తలచువారు మన విద్యావంతుల కుటుంబములలో నిప్పుడు కొందఱు కనబడుచున్నారు. వీరు ఆడపిల్లకు చదువేల యని కూర్చున్న వెనుకటి ఛాందసులు కారు. బడి తీరు చూచి, విసిగి, ఆలోచించి యీ తలపునకు వచ్చినవారు. 2020వ సంవత్సరము మార్చి నెలలో బడులు మూతబడి, పాఠములు సెల్‌ఫోనుల మీదుగా నింటిలోనికి వచ్చినప్పుడు, తమ బిడ్డలు దినదినమును వినుచున్న దేమో యెందఱో తల్లిదండ్రులు మొదటిసారి చెవులార వినిరి. విని కొందఱు జాలిపడిరి. కొందఱు ఈమాత్రము మేమే చెప్పుకొనలేమా యనుకొనిరి. ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. దానికి తగిన జవాబు కావలెనన్నచో, ఇంట చదివి గొప్పవాడైన యొకని కథను పట్టి చూడవలెను. అతడు చెప్పుకొన్నదానిని మాత్రమే గాక, చెప్పక విడిచినదానిని గూడ చూడవలెను. అందులకు జాన్ స్టూఅర్టు మిల్లు స్వీయచరిత్రమును మించిన గ్రంథము మాకు కనబడలేదు.

మిల్లు 1806లో లండనున పుట్టి 1873లో మరణించెను. ఆ యేడే యీ గ్రంథము వెలువడినది. బాల్యమున నతడెన్నడును బడి మెట్లెక్కలేదు. తండ్రి జేమ్సు మిల్లే గురువు. మూడవయేట గ్రీకు, ఎనిమిదవయేట లాటిను, పండ్రెండవయేట తర్కము, పదుమూడవయేట అర్థశాస్త్రము. తన యీడువారికంటె తాను పాతికేండ్లు ముందుగా బయలుదేరినట్లయినదని అతడు వ్రాసికొనెను. ఆ మాట అబద్ధము కాదు. అయినను ఈ జాబితాను చూచి బెదరవలసిన పని లేదు. గ్రంథములో జాబితాకంటె విలువైనది చదువు చెప్పిన తీరు.

ఆ రోజులలో జేమ్సు మిల్లు బ్రిటిషు ఇండియా చరిత్రమును వ్రాయుచుండెను. (భారతభూమిపై కాలు మోపకయే, ఇచ్చటి భాష యొక్కటియు నేర్వకయే వ్రాసి, అది తన గ్రంథమునకు లోపము కాదని వాదించిన మనిషి యాతడు. ఆ తగవు వేఱు. నేటికి దానిని విడిచెదము.) తండ్రి వ్రాసికొను బల్లయొద్దనే కొడుకు కూర్చుండి గ్రీకు పాఠము చూచుకొనెడివాడు. గ్రీకు మాటకు ఇంగ్లీషులో నర్థము చెప్పు నిఘంటువు అప్పటికి లేదు. ఉన్నవి లాటినులో నర్థము చెప్పునవి. బాలునకు లాటిను ఇంకను రాదు. కావున తెలియని ప్రతి మాటకును తండ్రినే యడుగవలెను. స్వతస్సిద్ధముగా మిక్కిలి తొందరగలవాడైన ఆ తండ్రి, ఇంటి కూటికి ఆధారమైన తన వ్రాత మాటిమాటికి ఆగిపోవుచున్నను, ఆ యడుగుటను సహించెను. ఇది చిన్న సంగతి కాదు. విసుగుకొనక జవాబు చెప్పు పెద్దవాడొకడు ప్రక్కనుండుట యే బిడ్డకైనను గొప్ప భాగ్యము.

ఉదయమున తండ్రి కొడుకులిద్దఱును న్యూయింగ్టన్ గ్రీను పరిసరములలోని పచ్చని బాటల వెంబడి షికారు పోయెడివారు. ముందునాడు చదివిన చరిత్రగ్రంథములోని సంగతులను నడుచుచు బాలుడు చెప్పును, తండ్రి వినును. చదువునప్పుడు కాగితపు ముక్కలపై వ్రాసికొన్న గుర్తులే బాలునకు ఆధారము. వల్లెవేయుట లేదు, బెత్తము లేదు, మార్కులు లేవు. చదివినదానిని తన మాటలలో మఱియొక మనిషికి చెప్పుటయే పని. మఱియొకప్పుడు, పదుమూడేండ్ల ప్రాయమున, ఫలానా విషయము సిద్ధాంతములో నిజమే గాని ఆచరణలో సవరింపవలెనని నలుగురు అను మాటనే అతడును అనెను. సిద్ధాంతమనగా నేమని తండ్రి యడిగెను. బాలుడు చెప్పలేకపోయెను. తండ్రి కోపించెను. ఆ కోపము న్యాయము కాదనియు, అడుగుట మాత్రము న్యాయమేయనియు మిల్లు ముదిమిలో నిచ్చిన తీర్పు. మేమును దానికి సమ్మతింతుము. మన బడులలో పదేండ్లు చదివిన బిడ్డలలో, తాము పలికిన మాటకు అర్థమేమని ఒక్కసారియైన అడుగబడినవారు ఎందఱు?

ఇంటి చదువునకు అనుకూలమైన లెక్క యొకటి గలదు. దానిని దాచుట మాకు ఇష్టము లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఒకటి మొదలు అయిదవ తరగతి వఱకు ఏడాదికి 200 పనిదినములను, 800 బోధన గంటలను విధించినది. ముప్పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడుండవలె ననినది. అనగా దినమునకు నాలుగు గంటలు, 240 నిమిషములు. ముప్పదిమందికి సమముగా పంచినచో ఒక్కొక్క బిడ్డకు దక్కునది ఎనిమిది నిమిషములు. అదియు చట్టము కోరినట్లు నడచు బడిలో. ఏబదిమంది క్రిక్కిరిసిన గదిలో నెంత దక్కునో చదువరులే లెక్క చూచుకొనవచ్చును. ఇంట తల్లి గాని తండ్రి గాని ఒక్క గంట బిడ్డకెదురుగా కూర్చుండినచో, అది బడిలో దక్కుదానికి ఏడు రెట్లు మించినది. ఇంటి పిల్లలు త్వరగా నేర్తురన్న మాటలో మాయ లేదు, మంత్రము లేదు. ఈ లెక్కయే గలదు.

ఇంతవఱకు మిల్లు మనకు మంచి సాక్షి. ఇక చిక్కున్నచోటికి వచ్చెదము. తాను చేసినదానిని సాధారణమైన తెలివియు, దేహారోగ్యమును గల యే బాలుడైనను, ఏ బాలికయైనను చేయగలరని మిల్లు నొక్కి చెప్పెను. బాలికను గూడ చేర్చుట యతని ఉదారబుద్ధికి తగియున్నది. కాని యీ వాక్యమున నతడు తూచినది శిష్యుని తెలివిని మాత్రమే. గురువును తూచలేదు. అదే గ్రంథమున మఱికొన్ని పుటల తరువాత నతడే యొక సంగతి చెప్పుచున్నాడు. పదునాలుగవయేట ఫ్రాన్సునకు బయలుదేరు ముందు హైడు పార్కులో నడుచుచుండగా తండ్రి యతనితో నిట్లనెనట: నీకు ఇతర బాలురకు తెలియనివి పెక్కులు తెలిసియున్నట్లు లోకములోనికి పోయిన పిదప కనుగొందువు, అది నీ గొప్పతనము కాదు, చదువు చెప్పగలిగియు, అందులకు కావలసిన శ్రమకును కాలమునకును ఒడబడియు నున్న తండ్రి నీకు దొరకుట నీకు పట్టిన అదృష్టము. తండ్రి చెప్పినది కొడుకు చెప్పినదానికంటె నిజమునకు దగ్గఱగా నున్నది. శక్తి, శ్రమ, కాలము. ఈ మూడును ఒక మనిషిలో కూడుట అరుదు. జేమ్సు మిల్లునకు 1819లో ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగము దొరకు వఱకు జీవనము ఇంట కూర్చుండి వ్రాసిన వ్రాతలవలననే. ఉదయము తొమ్మిదింటికి ఇల్లు విడిచి రాత్రి ఎనిమిదింటికి తిరిగివచ్చు గుమాస్తా యాతడైనచో ఈ గ్రంథమే యుండెడిది కాదు.

మన యిండ్లలో ఇంటి చదువన్నప్పుడు ఆ కాలమును ఇచ్చువారెవరు? తండ్రి యని చెప్పువారిని మే మంతగా చూడలేదు. తల్లియే. ఉద్యోగము మానుకొనునది ఆమె. పాఠపు వేళకు వంట ముగించుకొనునది ఆమె. బిడ్డకు లెక్క రాకున్న చుట్టములచేత మాట పడునదియు ఆమెయే. 2019లో కేంద్రప్రభుత్వము జరిపించిన కాలవినియోగపు సర్వేలో, జీతములేని యింటిపని చేయు స్త్రీలు దానిపై దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచున్నట్లును, అట్టి పని చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లును తేలినది. అయిదు గంటలకు ఒక్క నిమిషము తక్కువ. ఆ అయిదు గంటలపై బడి నడుపు భారమును గూడ మోపి, దీనికి ఖర్చు లేదని గృహస్థు చెప్పినచో, ఆ లెక్క యెవరి పద్దున వ్రాయబడినదో మేము గుర్తు చేయక తప్పదు.

ఈ విషయమున మిల్లు గ్రంథము మాకు అన్నిటికంటె ఎక్కువ నేర్పినది దాని మౌనమువలన. ప్రకటింపబడిన స్వీయచరిత్రములో తల్లి లేదు. తొమ్మిదిమంది బిడ్డలను కని పెంచి, విద్వాంసుడైన భర్తకు నిరాటంకముగా వ్రాతబల్లయు, వేళకు భోజనమును అమర్చి పెట్టిన హారియెటు మిల్లు ఆ యింట నుండెనో లేదో పఠితకు తెలియదు. అతని తొలి వ్రాతప్రతి 1961లో అచ్చుపడినది. ముందుగా వ్రాసి పిమ్మట కొట్టివేసిన మాటలు కొన్ని యందు గలవు. అవి తల్లికి కృతజ్ఞతలు కావు; ఆమె బిడ్డల కొఱకు పాటుపడినదేగాని ఇంటికి ప్రేమను తేగల మనిషి కాకపోయెనన్న నింద. స్త్రీల దాస్యమును ఖండించి 1869లో గ్రంథము వ్రాసిన మహనీయుడు, తన చదువు నడచిన యింటిని నడపిన స్త్రీని గూర్చి చెప్పగలిగినది ఇంతే! మిల్లును మేము గౌరవింతుము. కాని గృహవిద్య గొప్పతనమును చెప్పు పుస్తకములలో గృహమును మోసినవారి పేరు జారిపోవుట ఈ యొక్క పుస్తకముతో నిలిచిన దోషము కాదు.

సంస్కరణాభిలాషులమైన మనకు దీనియందు మఱియొక సంకోచము సహజము. ఈ దేశమున నిల్లు చాలకాలము ఆడుబిడ్డకు చదువునివ్వని చోటు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పినప్పుడు చేసిన పని, బిడ్డను గడప దాటించుట. గడప దాటుటయే సగము చదువు. ఇప్పుడు చదివిన తల్లిదండ్రులు మరల గడపలోనికి తీసికొనిపోయెద మన్నప్పుడు, ఇది వెనుకటి యిల్లు కాదని చూపవలసిన భారము వారిపై నున్నది. ఇంటి చదువు మనలో ఫలింపలేదని మేమనము. భండారు అచ్చమాంబగారు ఏ బడికిని పోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాయమున ఇంటనే తెలుగు, హిందీ, మరాఠీ నేర్చి, 1901లో అబలాసచ్చరిత్ర రత్నమాలను వెలువరించిరి. ఇది గృహవిద్యకు కీర్తియే. కాని తమ్ముడు బడికి పోయినాడు, అక్క పోలేదు. తమ్ముడు బడినుండి తెచ్చిన దీపమున అక్క తన వత్తి వెలిగించుకొన్నది. ఆ తమ్ముడే లేని యిండ్లలో ఎందఱు అచ్చమాంబలు చీకటిలో నుండిపోయిరో చెప్పగలవారెవరు?

మిల్లునకు కలిగిన నష్టములను గూడ నతడు దాచలేదు. అందులకే మేము అతనిని నమ్ముచున్నాము. సెలవులు లేవు. పని చేయు అలవాటు చెడునని, సోమరితనము రుచి మరగునని తండ్రి సెలవు లియ్యలేదు. ఇతర బాలుర సహవాసము లేదు. వారి మోటు తలపులు అంటుకొనునని తండ్రి భయము. దానిచేత చేతిపనులయందు తన చేతులు జీవితాంతము మొద్దుగనే యుండెననియు, బాలురు ఆటలలో సంపాదించుకొను నేర్పులు తనకు రాలేదనియు మిల్లు చెప్పుకొనెను. 1826లో ఇరువదియవయేట అతని మనసు కుప్పగూలినది. ఏ పనిపైనను రుచి లేదు, ఏ ఆశయమునందును వెలుగు లేదు. ఆ సంగతిని తండ్రితో చెప్పుకొనుట కతనికి నోరు రాలేదు. తరువాత వర్డ్సువర్తు కవిత్వము చదివి తేరుకొనెను. ఇంటి చదువువలననే ఈ వ్యాధి వచ్చినదని తేల్చుట తొందరపాటు. బడిలో చదివి, హాస్టలులో నుండి, ఇంతకంటె దారుణముగా కుంగిపోవు పిల్లలను గూర్చి ప్రతి యేడును పరీక్షాఫలితముల వేళ పత్రికలలో చదువుచున్నాము. మేము చూపదలచినది ఇంతమాత్రమే: తండ్రియే గురువైనప్పుడు, గురువువలన కలిగిన గాయమును చెప్పుకొనుటకు ఇంటిలో వేఱొక తండ్రి లేడు. బడిలో కొట్టిన పంతులును గూర్చి బిడ్డ యింటికి వచ్చి ఏడ్చును. ఇంటి బడిలో నేడ్చుటకు పోవలసిన చోటేది?

ఇంకొక విశేషము. ఎనిమిదవయేటినుండి మిల్లు తన చెల్లెండ్రకు, తమ్ములకు లాటిను చెప్పవలసి వచ్చెను. వారికి పాఠము రాకున్న తప్పు ఇతనిది. చెప్పుటవలన తన చదువు గట్టిపడినదని యొప్పుకొనుచునే, తోబుట్టువులమధ్య గురుశిష్యసంబంధము మంచిది కాదని అతడు వ్రాసెను. ఇక్కడ మనకు సంబంధించిన చరిత్ర యొకటి తగులుచున్నది. పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించు పద్ధతికి ఇంగ్లండులో మదరాసు పద్ధతి యని పేరు. ఆండ్రూ బెల్లు అను పాదిరి మదరాసులోని ఎగ్మూరు అనాథబాలుర శాలకు 1789 మొదలుకొని అధికారిగా నుండి, ఇచ్చటి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుకొనుట చూచి, తన శాలలో పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించి, 1797లో ఆ సంగతిని లండనులో అచ్చు వేయించెను. లాంకాస్టరు అట్టి పద్ధతినే వేఱుగా నడపెను. ఆ లాంకాస్టరు బడులను సమర్థించి, చర్చి కొలుచువారి బిడ్డలకు మాత్రమే గాక అందఱ బిడ్డలకును బడులుండవలెనని 1812లో పుస్తకము వ్రాసినవాడెవడు? జేమ్సు మిల్లే. లోకమునకు బడి, తన కొడుకునకు ఇల్లు! దీనిని మేము కపటమని అనము. తన బిడ్డకు తానిచ్చు గురువును లోకమున కందఱకును ఇయ్యలేనని యెఱిగిన మనిషి చేసిన పని యిది. కాని తన యింట కూడ నతడు ఒంటరి శిష్యునితో సరిపెట్టుకొనలేకపోయెను. ఆ తొమ్మిదిమంది బిడ్డల యిల్లు చివరకొక చిన్న వీధిబడియే అయినది.

బడికి మేము పెట్టు మొదటి విలువ ఇందే యున్నది. పైన వేసిన ఎనిమిది నిమిషముల లెక్క ఉపాధ్యాయుని నుండి దక్కునది మాత్రమే. ప్రక్కబల్ల పిల్లనుండి దక్కునది అందులో చేరలేదు. పలకపై తప్పు దిద్దునది ప్రక్కపిల్లయే. ఓడిపోయి మరుసటిదినము మరల ఆటకు వచ్చుట నేర్పునదియు ప్రక్కపిల్లయే. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. మన యింటికి వచ్చువారందఱు మనవంటివారే. మన కులమువారు, మన కొలువువారు, మన యెత్తు మెట్టుమీదనున్నవారు. వీధిలోని వేఱు కులపు బిడ్డ, వేఱు మతపు బిడ్డ మన బిడ్డకు సమానముగా ఒక బల్లమీద కూర్చుండునది బడిలోనే, ఒక వరుసలో మధ్యాహ్నభోజనము చేయునది బడిలోనే. ప్రైవేటు బడులు గూడ మొదటి తరగతిలో నాలుగవవంతు చోట్లను పేద, వెనుకబడిన కుటుంబముల బిడ్డలకు విడువవలెనని విద్యాహక్కు చట్టము విధించినది అందులకే. ఈ విధి యెంత బలహీనముగా నమలగుచున్నదో మేమెఱుగనివారము కాము. అయినను విధి బడికి వేయవచ్చును, ఇంటికి వేయలేము.

ఇట్లని బడిని మేము వెనుకవేసికొని రాలేదు. మూడేండ్లు నిండని పసివానికి మెడలో టై కట్టి ఎల్‌కేజీకి పంపుట, రెండవ తరగతి బిడ్డకు మూడు గంటల హోంవర్కు, పదవ తరగతి దాటిన వెంటనే రెండేండ్లు హాస్టలులో మూసి వేకువనుండి రాత్రి వఱకు స్టడీ అవర్లు: దీనిని విద్యయని పిలుచుటకు మాకు నోరు రాదు. బిడ్డను కొట్టుట 2009 చట్టముచేత నిషిద్ధము. బెత్తము మాత్రము అన్ని బడులనుండియు పోలేదు. ఇట్టి బడినుండి బిడ్డను తీసివేసిన తల్లిదండ్రులను నిందించుటకు మేము సిద్ధముగా లేము. అమెరికాలో జాన్ హోల్టు అను ఉపాధ్యాయుడు పిల్లలు బడిలో ఎట్లు ఓడిపోవుదురో 1964లో పుస్తకము వ్రాసి, బడులు బాగుపడునని చాలకాలము వేచి, ఆశ వదలుకొని, 1981లో మీ బిడ్డలకు మీరే చెప్పుకొనుడని మఱియొకటి వ్రాసెను. అతని మొదటి పుస్తకము మాకు రెండవదానికంటె గట్టిది. మొదటిదానిలో తాను చూచిన పిల్లలు గలరు. రెండవదానిలో నమ్మకము ఎక్కువ. హోల్టునకు తన బిడ్డలంటూ లేరు.

ఇంటి చదువునకు మఱియొక చిక్కు, దానిని చూచువారు లేకపోవుట. దీనిని గురజాడ అప్పారావుగారికంటె బాగుగా చూపినవారు లేరు. కన్యాశుల్కములో వెంకటేశము పరీక్ష పోగొట్టుకొని, సెలవులలో చదువు చెప్పుటకని గిరీశమును వెంటబెట్టుకొని అగ్రహారమునకు వచ్చును. తల్లి ముచ్చటపడగా గురుశిష్యులిద్దఱు ఆమె యెదుట ఇంగ్లీషు వెలిగింతురు. వెంకమ్మ మురిసిపోవును. వారు పలుకునది సంభాషణయో, నోటికి వచ్చిన ముక్కలో తెలిసికొను మార్గము ఆ తల్లికి లేదు, అగ్నిహోత్రావధాన్లకు లేదు. ఇంతకును ఆ యింట గిరీశము చదివింపదలచినది వెంకటేశమును కాదు గదా! చదువరులు నవ్వుకొందురు. కాని అగ్నిహోత్రావధాన్ల స్థితి నేడు మాసిపోలేదు. నెలకింత యని కట్టి, తెర మీద పాఠము పెట్టి, బిడ్డ చేతివ్రేళ్లు చకచక కదలుట చూచి, బాగుగా చదువుచున్నాడని మురియు తండ్రికిని అతనికిని భేదము కొలది.

మిల్లు దీనికి మందు చెప్పియున్నాడు. స్వీయచరిత్రములో కాదు, 1859 నాటి స్వాతంత్ర్యమును గూర్చిన గ్రంథములో. బిడ్డకు చదువు చెప్పించుట తండ్రికి విధి. ఆ విధిని ప్రభుత్వము నిర్బంధింపవచ్చును. కాని ఎక్కడ, ఎట్లు చెప్పించవలెనో తండ్రికే విడువవలెను. జనులనందఱను ఒకే అచ్చున పోయు బడి ప్రభుత్వము చేతిలో నుండుట ప్రమాదమని అతని భయము. అందుచేత బిడ్డలందఱకును చిన్న వయసునుండి యేటేట పరీక్ష యుండవలెననియు, చదువరాని బిడ్డ తండ్రికి జరిమానా వేయవచ్చుననియు అతడు సూచించెను. జరిమానాతో మేము సమ్మతింపము. మన దేశమున నది కూలివాని వీపుపైననే పడును. కాని ఆ యాలోచనలోని మూలము సరియైనది: చోటును తల్లిదండ్రులకు విడిచి, ఫలమును బిడ్డ పక్షమున వేఱొకరు చూచుట.

మన చట్టమేమి చెప్పుచున్నది? రాజ్యాంగమున 2002లో చేరిన అధికరణము ఆఱునుండి పదునాలుగేండ్ల వఱకు ఉచిత నిర్బంధవిద్యను హక్కు చేసినది. 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము బిడ్డను సమీపపు బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యనినది; చేర్పనివారికి శిక్ష మాత్రము పెట్టలేదు. 2012 సవరణ తీవ్రవైకల్యముగల బిడ్డలకు ఇంటివద్దనే చదువుకొను వీలునిచ్చినది. ఇతర బిడ్డల విషయమున చట్టము ఇంటి చదువును పేరెత్తి ఒప్పుకొనలేదు, పేరెత్తి కాదనలేదు. ఇంగ్లండు 1944లోనే బడిలోగాని మఱియొక విధముగాగాని యని వ్రాసికొన్నది. జర్మనీ బడికి రాకతప్పదనుచున్నది. మనది రెండును కాని స్థితి. పదునాలుగేండ్లు నిండిన పిదప సార్వత్రిక విద్యాపీఠముద్వారా పదవ తరగతికి సమానమైన పరీక్ష వ్రాయవచ్చును. నడుమ ఎనిమిదేండ్లు ఇంటి బిడ్డ యెట్లున్నాడో చూచువారెవరును లేరు. మంచి తల్లిదండ్రులకు ఇది స్వేచ్ఛ. చదువు మాన్పించి ఇంటిపనిలో పెట్టినవారికిని ఇదే స్వేచ్ఛ. మా బిడ్డ ఇంటనే చదువుచున్నదని పదేండ్ల బాలిక తండ్రి చెప్పినచో, చేతిలో చీపురున్నదో పుస్తకమున్నదో ఎవరు చూడవలెను?

మా యభిప్రాయ మడుగువారికి దాపరికము లేక చెప్పుచున్నాము. బడిలో హింసపడుచున్న బిడ్డకు, దీర్ఘరోగముగల బిడ్డకు, అక్షరము పోలికపట్టని చిక్కువలన తరగతిలో అవమానపడుచున్న బిడ్డకు, కొంతకాలము ఇల్లే మంచి బడి. వయసునకు తగిన తరగతిలో తిరిగి చేర్చుకొనుటకు చట్టము వీలిచ్చియున్నది గనుక ఆ తలుపు మూయబడదు. మిగిలినవారు ముందుగా ఇంటిలో నొక మాట తేల్చుకొనవలెను: ఈ పాఠములు చెప్పు దినము ఎవరిది? తండ్రి తన దినములో సగము ఇచ్చునా? తల్లి తన యుద్యోగమును సంతోషముగా విడుచుచున్నదా, లేక విడిపింపబడుచున్నదా? కొడుకుతోపాటు కూతురును ఆ బల్లయొద్ద కూర్చుండునా? దీనికి తృప్తికరమైన జవాబున్న యిల్లు ఇంటి చదువు మొదలు పెట్టవచ్చును. వీధి పిల్లలను పిలిచి వారానికి రెండు మూడు దినములైన కలిపి చెప్పినచో మఱింత మంచిది. అట్టి జవాబు లేని యిండ్లు, మా యెఱుకలో నవియే పెక్కు, బిడ్డను బడికి పంపి జేమ్సు మిల్లు షికారును మాత్రము తెచ్చుకొనవచ్చును. సాయంకాలము అరగంట బిడ్డతో నడువవలెను. చదివినది చెప్పుమనవలెను. పలికిన మాటకు అర్థమేమని అడుగవలెను, చెప్పలేకపోయినచో కోపింపరాదు. దీనికి తండ్రి చాలును. చదువుకొన్న తండ్రియే కానక్కఱలేదు. వినుటకు ఓపికగలవాడైన చాలును.

ప్రభుత్వమును మేము కోరునది కొంచెమే. ఇంట చదువు బిడ్డల పేరులను సమీపపు బడి తన పట్టికలో వేఱుగా వ్రాసికొనవలెను. ఏడాదికొకసారి ఆ బిడ్డలను పిలిచి చదివించి, వ్రాయించి, లెక్క చేయించి చూడవలెను. ఉత్తీర్ణుడని గాని కాలేదని గాని ముద్ర వేయక, వెనుకబడిన విషయమును తల్లిదండ్రులకు తెలుపవలెను. ఆ బడి గ్రంథాలయమును, ప్రయోగశాలను, ఆటస్థలమును సాయంవేళల వారికి తెఱచియుంచవలెను. మండలమునకొక ఉన్నతపాఠశాలలో దీనిని రెండేండ్లు నడపి చూచుటకు క్రొత్త భవనములు అక్కఱలేదు, ఉన్న ఉపాధ్యాయులకు ఏడాదిలో నాలుగైదు దినముల పని.